గుంట తెలివైనదే, గానీ...

రైలు దిగితే బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, ఊరు మాత్రం ఆమదాలవలస. పరీక్షా ఫలితాలొచ్చే వేసవిలో ఈ ఊళ్లో నడిస్తే తలెత్తి ఫ్లెక్సీలు చదువుకుంటూ పోవచ్చు. అవి రెండు రకాలు. పదో తరగతివి అయితే నిండా రెండు జడలు, రిబ్బన్లు, బొట్టుబిళ్లలు. ఐఐటీ ర్యాంకులవి అయితే మీసాలింకా సరిగా మొలవని కుర్రాళ్లు, మధ్యలో ఎక్కడో ఒకమ్మాయి. పదో తరగతికీ ఐఐటీకీ మధ్య ఉన్నది రెండేళ్లు. ఆ రెండేళ్లలో అన్ని జడలూ ఎటుపోయాయని ఎవరూ అడగరు. అడిగితే వచ్చే జవాబు మనకి తెలిసిందే, "ఆడపిల్లలు కష్టపడి చదువుతారండీ, మగపిల్లలకి సహజంగా బ్రెయిన్ ఉంటుంది."

ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పాను. స్టాఫ్ రూముల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆడపిల్లకి నూటికి తొంభై అయిదు వస్తే అది శ్రద్ధ, మగపిల్లాడికి డెబ్బై వస్తే అది "బద్ధకం గానీ, లేకపోతేనా!" ఒకే పేపరు, ఒకే మార్కుల లిస్టు, రెండు భాష్యాలు. ప్రతిభ ఉన్న పిల్లల్ని గుర్తించి ప్రత్యేకంగా చదివించాలని ఎవరు మాట్లాడినా నా చెవిలో ముందుగా ఈ రెండు భాష్యాలే మోగుతాయి. గుర్తించేది ఎవరు? ఏ కళ్లతో?

అంకెలు చూద్దాం. 2024లో మన రాష్ట్రంలో పదో తరగతి పాసైన ఆడపిల్లలు 89.17 శాతం, మగపిల్లలు 84.32. ఇది ఏ ఒక్క ఏడాదో జరిగిన వింత కాదు. అదే ఐఐటీలకి వెళ్తే 2016లో చేరినవారిలో ఆడపిల్లలు నూటికి ఎనిమిది మంది. 2018 నుంచి మగపిల్లల సీట్లేమీ తగ్గించకుండా ఆడపిల్లల కోసం అదనపు సీట్లు కలిపారు. 2020కల్లా ఆ ఎనిమిది ఇరవై అయింది. నాలుగేళ్లలో ఆడపిల్లల మెదళ్లేమీ మారలేదు, సీట్లు మారాయి. ఇక మన ఎచ్చెర్ల దగ్గరున్న ట్రిపుల్ ఐటీ చూడండి. ట్రిపుల్ ఐటీలు 2008లో మొదలయ్యాయి, శ్రీకాకుళానిది 2016లో వచ్చింది. కరోనా కాలం మినహాయిస్తే అక్కడ ప్రవేశ పరీక్ష లేదు. పదో తరగతి మార్కులే కొలత, ప్రభుత్వ బడి పిల్లలకి వెనకబాటు కింద కొంత కలుపుతారు. ఆ ఎంపిక జాబితాల్లో ఆడపిల్లలే ఎక్కువ. అవే ఊళ్లు, అవే ఇళ్లు, అవే పిల్లలు. కొలత కర్ర మారిస్తే ప్రతిభ లింగం మార్చుకుంటోంది!

ఎందుకు మారుతోందో అర్థం చేసుకోవడానికి పెద్ద సిద్ధాంతాలేమీ అక్కర్లేదు. పదో తరగతి మార్కులు బడిలో కూచుని చదివితే వస్తాయి. ఐఐటీ ర్యాంకుకి బడి చాలదు. ఎనిమిదో తరగతి నుంచీ ఫౌండేషనో, ఒలింపియాడో, టెక్నోనో ఏదో ఒక పేరున్న చోట లక్షలు కట్టాలి. ఆపైన రెండేళ్లు విశాఖపట్నంలోనో విజయవాడలోనో హాస్టల్లో పెట్టాలి. ఆ లక్షలు ఇంట్లో ఎవరి పేరు మీద ఖర్చవుతాయి? ప్రైవేటు బడి ఆటో వాకిట్లోకొచ్చి తమ్ముణ్ని ఎక్కించుకుపోతుంటే అక్క సర్కారు బడికి నడిచిపోతుంది. ఈ దృశ్యం చూడటానికి మీరు మా ఊరు రానక్కర్లేదు, మీ వీధి చాలు. కూతుర్ని ఎందుకు పంపరని నేను ఎన్నో ఇళ్లలో అడిగాను. ఎవరూ కోపంగా చెప్పలేదు, ఎవరూ దుర్మార్గులు కాదు. "గుంట తెలివైందే మేడమ్, గానీ ఆడగుంట గదా, మరేటి సేత్తాం" అన్నారు. తర్వాత మజ్జిగ ఇచ్చారు.

ఆ "గానీ" తర్వాత వచ్చేదంతా మన విద్యావిధానం. అది రాసిన పెద్దలకి మాత్రం "గానీ" కనబడదు. 2020 జాతీయ విద్యావిధానంలో ప్రత్యేక ప్రతిభ ఉన్న విద్యార్థుల కోసం ఒక భాగం ఉంది. బడి స్థాయి నుంచి జిల్లా, ఆపై స్థాయిల దాకా క్లబ్బులు, సర్కిళ్లు పెట్టాలన్నారు, వేసవిలో రెసిడెన్షియల్ శిబిరాలన్నారు, ఒలింపియాడ్లు పల్లెలకీ ప్రాంతీయ భాషలకీ చేరాలన్నారు. బాగుంది, కాదనను. ఇళ్లలోనో బడుల్లోనో అందరికీ స్మార్ట్‌ఫోన్లు, టాబ్లెట్లు అందుబాటులోకి వచ్చాక క్విజ్‌లు, ఆన్‌లైన్ యాప్‌లు అని కూడా అన్నారు. ఇంట్లో ఫోన్ ఉంటే పిల్లలందరికీ ఉన్నట్టేనని ఎవరు చెప్పారు? కరోనా రోజుల్లో మా పిల్లల ఇళ్లలో ఉన్న ఒక్క ఫోనూ ముందు నాన్న జేబులో, తర్వాత అన్నయ్య చేతిలో. అమ్మాయి చేతికొచ్చేసరికి డేటా అయిపోయేది. ఎనిమిదో క్లాసు ఆడపిల్లకి ఫోనెందుకని ఊరంతా ఒక మాట మీద ఉంటుంది. ఆ మాటకి విద్యావిధానంలో పేరా నంబరు లేదు.

మన అధికారులకి, పత్రికలకి ఇష్టమైన మాట "ప్రతిభను వెలికితీయడం". గరివిడిలో మాంగనీసు తవ్వినట్టు! ప్రతిభ ఎక్కడో లోపల గట్టిగా, పూర్తిగా తయారై పడి ఉందట, పరీక్ష అనే పలుగుతో తవ్వితే బయటికొస్తుందట. జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష ఈ నమ్మకంతోనే 1963లో మొదలైంది. 2021 తర్వాత ఆపేశారు. ఆపినందుకు దేశంలో ప్రతిభ ఏమీ తగ్గినట్టు లేదు. నవోదయ పరీక్షా అంతే. అయిదో తరగతి పిల్లలు రెండు గంటల్లో ఎనభై ప్రశ్నలు చెయ్యాలి. అందులో సగం మెంటల్ ఎబిలిటీ. బొమ్మల వరుసలో తర్వాత ఏ బొమ్మ వస్తుంది, అద్దంలో ఎలా కనిపిస్తుంది, ఇలాంటివి. ఇది చదువుతో సంబంధంలేని స్వచ్ఛమైన తెలివికి కొలత అని చెబుతారు. మరి నవోదయ కోచింగ్ ఎందుకుంది? గైడు పుస్తకాలెందుకు అమ్ముడుపోతాయి? ఆ బొమ్మలు వంద చూసిన పిల్లకీ మొదటిసారి చూసిన పిల్లకీ తేడా తెలివిలో లేదు, గైడు కొన్న ఇంట్లో ఉంది. అయినా ఒక పిల్ల ఆ పరీక్ష జీవితంలో ఒక్కసారే రాయాలి. పదేళ్ల వయసులో ఆ రోజు జ్వరమొస్తే తెలివి పోయినట్టే.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. నవోదయల మీద నాకు పగ లేదు. సర్వేల్‌లో 1971లో పెట్టిన గురుకులం మీద నాకు గౌరవం ఉంది. 1986 విద్యావిధానంతో దేశమంతా విస్తరించిన నవోదయల మీద కూడా ఉంది. మాకు దగ్గర్లో వెన్నెలవలసలో ఉన్న నవోదయకి వెళ్లి బాగుపడిన పిల్లలు నాకు తెలుసు. మూడింట ఒక వంతు సీట్లు ఆడపిల్లలకి, నాలుగింట మూడు వంతులు పల్లె పిల్లలకి ఉంచారు. ఖర్చు లేకుండా చదివించే చోటు కాబట్టి "గానీ" అనే తల్లిదండ్రులు కూడా పంపారు. నా గొడవ అక్కడ చేరిన ఎనభై మందితో కాదు. చేరనివాళ్లకి ఏం చెప్పి పంపుతున్నాం? జిల్లా మొత్తం మీద ఎనభై మందికి మంచి టీచర్లు, లేబొరేటరీ, లైబ్రరీ ఇచ్చి, మిగతా వేలమందిని ప్రతిభ లేనివాళ్ల కింద జమకట్టడాన్ని ప్రతిభా పోషణ అంటారా? రేషన్ అంటారు మా ఊళ్లో.

ఒక పిల్ల సంగతి చెబుతాను, పేరు చెప్పను. 2009లో ఎనిమిదో తరగతి. తల్లి పొదుపు సంఘంలో ఉండేది, దాంతోపాటు మైక్రోఫైనాన్స్ అప్పు కూడా. ఇంటి పద్దు ఈ పిల్లదే, ఎందుకంటే ఇంట్లో చదవడం వచ్చింది ఆమెకే. వడ్డీ లెక్కల పాఠంలో నేను బోర్డు మీద పన్నెండు వేల అప్పు, ఏడాదికి నూటికి పన్నెండు, వడ్డీ 1440 అని రాశాను. చెయ్యెత్తింది. "మేడమ్, మేం నెలనెలా వెయ్యి తీర్చీస్తన్నాం గదా, ఆరు నెలలయ్యేతలికి మా దగ్గర సగం డబ్బే ఉంటాది. వడ్డీ మాత్రం మొత్తానికీ కట్టించుకుంతన్నారు. అంటే పన్నెండని సెప్పి రెట్టింపు తీసుకుంతన్నట్టు గదా?" సరిగ్గా రెట్టింపు కాదు. పన్నెండు వేలు, పదకొండు వేలు, పదివేలు అని తగ్గుతూ వస్తే సగటున ఆమె దగ్గరున్నది 6500. దాని మీద 1440 అంటే ఇరవై రెండు శాతం దాటుతుంది. ఈ సంగతి ఆ పాఠంలో లేదు. కంపెనీలు చెప్పలేదు. 2010 అక్టోబరులో ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్సు తెచ్చేదాకా పెద్దవాళ్లూ గట్టిగా మాట్లాడలేదు. పదమూడేళ్ల పిల్ల తల్లి పాస్‌బుక్ చూసి పట్టుకుంది.

ఎనిమిదో తరగతి పిల్లలకి కొత్తగా వచ్చిన కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష ఆ పిల్ల చేత రాయించాను. మెంటల్ ఎబిలిటీ పేపరు ఉంటుంది దానిలోనూ. ఆ బొమ్మల వరుసలు ఆమెకి కొత్త. నేను అభ్యాసం చేయిద్దామంటే సాయంత్రాలు ఆమెవి కావు. నీళ్లు, వంట, తమ్ముడు, తల్లి కూలినుంచి వచ్చేదాకా ఆవు. స్కాలర్‌షిప్ రాలేదు. అదే బడిలోంచి వచ్చినవాడు కోచింగ్‌కి వెళ్లిన ఒక కుర్రాడు, మంచి పిల్లాడే, నన్ను ఒక్క ప్రశ్న అడిగిన జ్ఞాపకం లేదు. ఆమెకి పదిహేడో ఏట పెళ్లయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. నూటికి దాదాపు ముప్పై మంది! వీళ్లలో ప్రతిభ ఉన్నవాళ్లెందరో ఏ అన్వేషణ పరీక్షకీ తెలీదు. పరీక్షకి తెలిసేది హాల్‌టికెట్ తీసుకున్నవాళ్లే.

ఈ గొడవ మనతో మొదలైంది కాదు. వందేళ్ల కింద అమెరికాలో పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు ఒక సిద్ధాంతం చెప్పేవారు. మగవాళ్లలో వైవిధ్యం ఎక్కువ, అందుకే మేధావులూ వాళ్లలోనే, మందబుద్ధులూ వాళ్లలోనే, ఆడవాళ్లంతా మధ్యరకం అని. లీటా హాలింగ్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని నమ్మకుండా కొలిచి చూసింది. పెళ్లయిన ఆడవాళ్లకి న్యూయార్క్ బడుల్లో టీచరు ఉద్యోగం ఇవ్వని రోజుల్లో ఖాళీగా ఇంట్లో కూచోలేక పైచదువుకి వెళ్లిన మనిషి ఆవిడ. 1914లో సహాధ్యాయినితో కలిసి వెయ్యిమంది మగశిశువుల్నీ వెయ్యిమంది ఆడశిశువుల్నీ పుట్టగానే కొలిచిన కొలతలు పరిశీలించి, మగవాళ్లలో వైవిధ్యం ఎక్కువనడానికి ఆధారమేమీ లేదని తేల్చింది. తేడా పుట్టుకలో లేకపోతే ఎక్కడుంది? ఇంటి పనిలో ఉంది, పిల్లల పెంపకంలో ఉంది అంది. ప్రతిభావంతులైన పిల్లల చదువు మీద 1926లో పుస్తకం రాసింది కూడా ఆవిడే. ప్రతిభ అనే మాటని ఆడవాళ్లు వదిలెయ్యాల్సిన పనిలేదని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

మరోపక్క లూయిస్ టెర్మన్ 1921లో కాలిఫోర్నియాలో పదిహేను వందలమందికి పైగా పిల్లల్ని తెలివి పరీక్షతో ఎంపిక చేసి, జీవితాంతం వాళ్లని గమనించే పని పెట్టుకున్నాడు. ఆ పరీక్షలో తప్పిపోయిన ఇద్దరు కుర్రాళ్లు, విలియం షాక్లీ, లూయిస్ ఆల్వరెజ్, తర్వాత ఫిజిక్స్‌లో నోబెల్ బహుమతులు తీసుకున్నారు. పరీక్షల గురించి మాట్లాడేవాళ్లందరూ ఈ కథ చెబుతారు. నాకు ముఖ్యమైన కథ వేరే ఉంది. పరీక్షలో నెగ్గిన ఆడపిల్లలు, కొలత ప్రకారం అసాధారణ మేధావులు, నడివయసుకి వచ్చేసరికి వాళ్లలో సుమారు సగం మంది గృహిణులు. పరీక్ష వాళ్లని సరిగ్గానే గుర్తించింది. గుర్తించి ఏం చేసింది?

మన గడ్డ మీద ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉంది. ఆమదాలవలస పక్కనే వూసవానిపేట, కరణం మల్లీశ్వరి ఊరు. 2000 సెప్టెంబరులో సిడ్నీలో 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ స్త్రీ అయింది. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌ని ఒలింపిక్స్‌లో చేర్చిందే ఆ ఏడాది. అంతకుముందే, 1994, 95లలో, ఆమె ప్రపంచ చాంపియన్. ఈమెని ఏ ప్రతిభాన్వేషణ వెలికితీసింది? మొదట బక్కగా ఉంది, పనికిరాదు అన్నారని, తల్లి శ్యామల నువ్వు చెయ్యగలవని పట్టుబట్టిందని ఆమే ఇంటర్వ్యూల్లో చెప్పింది. 1990లో జాతీయ శిబిరానికి ఎంపికైంది ఆమె కాదు, అక్క. అక్కకి తోడుగా వెళ్లిన పిల్లని విదేశీ కోచ్ లియోనిడ్ తరనెంకో చూశాడు. ఒక తల్లి మొండితనం, ఒక అక్క, ఊళ్లో ఒక వ్యాయామశాల, బరువులు నేర్పడానికి నీలంశెట్టి అప్పన్న గారు. కొలతబద్ద మొదట కాదంది. పక్కన మనుషులున్నారు కాబట్టి ఆమె మిగిలింది. పతకం వచ్చాక మాత్రం అందరం "మన ఊరి ముత్యం" అన్నాం. ముత్యం, మాణిక్యం, ఎప్పుడూ దొరికే వస్తువులే! పెంచిన చేతుల మాట లేదు.

చేతులంటే పొందూరు గుర్తొస్తుంది. ఆమదాలవలసకి పక్కనే. అక్కడ ఆడవాళ్లు వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, నూరో నంబరు నూలు వడుకుతారు. కంటికి ఆనని ఆ పోగుని వేలికొసతో కొలిచే తెలివి ఏ పేపర్లోనూ ప్రశ్నగా రాదు. దానికి వారసత్వ నైపుణ్యం అని పేరుపెట్టి కూలి తక్కువిస్తాం. ప్రతిభ అని ఉంటే జీతం ఇవ్వాల్సొచ్చేది. సీతంపేట కొండల మీద సవర పిల్లల సంగతీ ఇంతే. గిడుగు రామ్మూర్తి గారు వందేళ్ల కిందటే వాళ్ల కోసం సవర భాషలో పుస్తకాలు రాశారు. ఈనాటికీ నవోదయ పరీక్ష సవరలో రాయలేరు. తన భాషలో కథ అల్లగలిగిన పదేళ్ల పిల్ల తెలుగు పేరా చదివి ప్రశ్నలకి జవాబు రాయలేకపోతే సున్నా. ఆడపిల్ల, పైగా సవర పిల్ల, "గానీ"లు ఎన్ని పేర్చాలి?

నా అభ్యుదయ మిత్రులు ఇక్కడ ఒక సులభమైన దారి చూపిస్తారు. ప్రతిభ అనేదే లేదు, అది ఆధిపత్య వర్గాల కల్పన, అందరూ సమానమే, ఈ చర్చే అనవసరం అని. ఒప్పుకోను. క్లాసులో లెక్క బోర్డు మీద పూర్తవకముందే జవాబు పట్టేసి, మిగతా నలభై నిమిషాలు కిటికీలోంచి చూసే పిల్ల ఉంటుంది. లేదని వాదించేవాళ్లు క్లాసులో నిలబడి ఉండరు. ఆ పిల్ల విసుగు నిజం. మగపిల్లాడికి విసుగొస్తే అల్లరి చేస్తాడు, టీచరు కంట్లో పడతాడు, "వీడికి పై క్లాసు పుస్తకం ఇవ్వాలి" అనిపించుకుంటాడు. ఆడపిల్లకి విసుగొస్తే నోట్సు అందంగా రాసి మార్జిన్లు గీస్తుంది, పక్కపిల్లకి చెబుతుంది, టీచరు రిజిస్టర్లు పూర్తిచేస్తుంది. బుద్ధిమంతురాలని మెచ్చుకుంటాం. ఆ మెచ్చుకోలు కింద ఎన్ని మెదళ్లు అణగారిపోయాయో. ప్రతిభ లేదంటే ఈ పిల్ల మళ్లీ కనబడకుండా పోతుంది. కొడుకుని కోచింగ్‌కి పంపే తండ్రికి మన సిద్ధాంతంతో పనిలేదు, ఎలాగూ పంపుతాడు.

గురజాడ మన జిల్లాల కథే రాశారు. కన్యాశుల్కంలో వెంకటేశం పట్నంలో ఇంగ్లీషు చదువుతాడు, పరీక్ష తప్పుతాడు, అయినా చదువు అతనిదే. చెల్లెలు సుబ్బికి రాసేందుకు పరీక్షే లేదు, ఆమెకి ఉన్నది వెల. ఇప్పుడు వెల ఎదురు తిరిగింది, కట్నమైంది. అమ్మాయి పెళ్లికి దాచాలి కాబట్టి అమ్మాయి చదువుకి పెట్టలేమంటారు. తనని పంపించడానికి దాచే డబ్బు తనని నిలబెట్టడానికి పనికిరాదు!

అయితే ఏం చెయ్యాలంటారు అని అడిగేవాళ్లకి నాకు తెలిసినంత చెబుతాను. పిల్లని బడిలోంచి ఏరి ఎక్కడికో తీసుకుపోయే పథకాలకన్నా, ఉన్న బడిలోనే ఆమె ముందుకి పోయే దారి ముఖ్యం. లెక్కల్లో రెండేళ్లు ముందున్న పిల్ల లెక్కల పీరియడ్‌కి పై క్లాసులో కూచుంటే కొంపేం మునగదు. ఇందుకు జీవో కన్నా హెడ్మాస్టరు ధైర్యం ఎక్కువ కావాలి. లైబ్రరీ బీరువా తాళం తీసి ఉంచాలి. క్లబ్బులు పెడితే బడి వేళల్లోనే పెట్టాలి. సాయంత్రం అయిదు తర్వాతా, ఆదివారాలూ పెట్టేవన్నీ మగపిల్లల క్లబ్బులే, పేరేదైనా సరే. ఇంటర్‌కి మండల కేంద్రంలోనే సైన్సు కాలేజీ, దాని పక్కన ఆడపిల్లల హాస్టల్ ఉంటే విజయవాడ ప్రశ్నే రాదు. చేపట్టిన ఎంపికల్లో మార్కులు, టీచరు చూసింది, పిల్ల చేసింది, మూడూ లెక్కలోకి రావాలి. నవోదయ పరీక్షకి రెండో అవకాశం ఇవ్వాలి.

పరీక్ష పెట్టక తప్పదంటే ఒక చిన్న పని చెయ్యండి. సెంటరు ఇరవై కిలోమీటర్ల దూరంలో వేస్తే మగపిల్లాడు బస్సెక్కి ఒక్కడూ పోతాడు, ఆడపిల్లకి తోడు కావాలంటారు. తోడొచ్చేది తల్లే. హాల్‌టికెట్ మీద పిల్ల ఫోటో పక్కన తల్లి పేరు కూడా వేసి, ఇద్దరికీ బస్సు చార్జీ, ఆవిడకి ఆ రోజు కూలీ సెంటరు దగ్గరే కట్టివ్వండి.